శంషాబాద్‌కు ఇంకో రన్‌వేనా, పాలమూరుకు సొంత ఎయిర్‌పోర్టా: ఏది మేలు?

పాలమూరుకు విమానాశ్రయం అన్న మాట ఏళ్లుగా నానుతూనే ఉంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీతో అధ్యయనం చేయించిన ఆరు చోట్లలో మామునూరు, బసంత్‌నగర్, ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, పాల్వంచలతో పాటు దేవరకద్ర దిక్కున్న గుడిబండ కూడా ఉంది. ఇలాంటి పేరు పేపర్లో పడితే చాలు, విమానం కంటే ముందు ఎకరం ధర ఎగురుతుంది. మరోపక్క శంషాబాద్‌లో రద్దీ పెరిగింది కాబట్టి అక్కడ ఇంకో రన్‌వే వేయాలన్న వాదన ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వాళ్లకు ఈ రెండింట్లో ఏది అక్కరకొస్తుంది? జవాబు జిల్లాను బట్టే కాదు, మండలాన్ని బట్టి కూడా మారుతుంది.

శంషాబాద్: రెండున్నా ఒక్కటే

శంషాబాద్‌లో ఇప్పటికే రెండు రన్‌వేలున్నాయి కదా, మళ్లీ ఇంకోటెందుకని అడిగేవాళ్లు చాలామంది. ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు. దాని పక్కన ఉత్తరాన 3,707 మీటర్లది ఇంకోటుంది. ఈ రెండోదాన్ని వేసిందే ముఖ్యంగా ట్యాక్సీవేగా, అంటే విమానం రన్‌వే దాకా నేల మీద నడిచే దారిగా; ప్రధాన రన్‌వేను మరమ్మతుకు మూసినప్పుడు రన్‌వేగా పనికొచ్చేలా కట్టారు. ఒకే ఊట మీద పక్కపక్కన తవ్విన రెండు బావుల్లాంటివి ఇవి. ఒకదాంట్లో మోటారు పెడితే రెండోదాంట్లో నీళ్లు దిగిపోతాయి.

కారణం రెండింటి మధ్య దూరం చాలకపోవడం. రెండు సమాంతర రన్‌వేల మీద ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విమానాలు దిగాలంటే, నడిగీత నుంచి నడిగీతకు కనీసం 1,035 మీటర్లు ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం. ఒకదాన్ని చూసుకుంటూ ఇంకోటి దిగే పద్ధతికి 915 మీటర్లు చాలు. ఒకటి ఎక్కడానికి, ఇంకోటి దిగడానికి కేటాయిస్తే 760 మీటర్లు. 760 లోపు ఉంటే పెద్ద విమానం రెక్కల వెనక లేచే సుడిగాలి పక్క రన్‌వే మీదికి కూడా పాకుతుంది గనుక, కంట్రోలర్లు రెండింటినీ ఒకే రన్‌వేగా లెక్కేస్తారు. పెద్ద విమానం వెనక మధ్యరకం విమానం దిగాలంటే మధ్యలో 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్లకు పైగా ఖాళీ వదలాలి. రద్దీ వేళ ఆ ఖాళీలన్నీ కలిసి గంటలో దిగే విమానాల సంఖ్యను కోసేస్తాయి.

ఒక్క రన్‌వేతో ఎంత దాకా లాగొచ్చో చూడాలంటే ముంబై ఉంది. అక్కడి రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి కత్తిరించుకుంటాయి కాబట్టి ఒకదాని కిందే లెక్క. అయినా గంటకు 46 దాకా నడిపిస్తారు. లండన్ దగ్గరి గాట్విక్‌లో ఇది 55. అంతకు మించి లాగడం ఎవరివల్లా కాలేదు. అందుకే బెంగళూరు 2019 డిసెంబరులో రెండోది తెరిచింది, ఢిల్లీ 2023 జూలైలో నాలుగోది తెరిచింది. హైదరాబాద్ టెర్మినల్ సామర్థ్యాన్ని ఏడాదికి 1.2 కోట్ల నుంచి 3.4 కోట్ల ప్రయాణికులకు పెంచారు. 2023-24లోనే సుమారు రెండున్నర కోట్ల మంది వచ్చిపోయారు. ఇల్లు పెద్దగా కట్టి దర్వాజా ఒక్కటే పెట్టినట్టు ఉంది వ్యవహారం.

కొత్త రన్‌వేకు ఎంత జాగా కావాలి? 3,500 మీటర్లది అనుకుందాం. రెండు కొసలా 60 మీటర్ల చొప్పున స్ట్రిప్ అనే చదును పట్టీ, దాని అవతల విమానం అదుపు తప్పినా ఆగేందుకు 240 మీటర్ల చొప్పున భద్రతా జాగా వదలాలి. అంటే పొడవు 4,100 మీటర్లు. వెడల్పు నడిగీతకు అటు 140, ఇటు 140. మొత్తం సుమారు 284 ఎకరాలు. ట్యాక్సీవేలు దీనికి అదనం. థ్రెషోల్డ్, అంటే విమానం దిగే కొస నుంచి 900 మీటర్ల దాకా నిలబెట్టే అప్రోచ్ లైట్లూ అదనమే. శంషాబాద్ మొత్తం విస్తీర్ణం దాదాపు 5,500 ఎకరాలు. 284 ఎకరాలు దొరకడం అక్కడ పెద్ద సమస్య కాదు. చిక్కంతా, ఆ 284 ఎకరాలు పాత రన్‌వేకు 1,035 మీటర్ల అవతల ఒకే పట్టీగా, తూర్పు పడమరలుగా దొరకాలి. తూర్పు పడమర ఎందుకంటే నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి దిక్కు నుంచి, ఈశాన్య రుతుపవనాల కాలంలో తూర్పు దిక్కు నుంచి వీస్తుంది. అడ్డగాలి 37 కిలోమీటర్ల వేగం మించని వేళలు కనీసం నూటికి 95 పాళ్లు ఉండేలా రన్‌వే దిశ ఎంచుకోవాలి.

సరుకు విషయానికొస్తే, 3,500 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పున ఒక్క పది సెంటీమీటర్ల తారు పొర పరిస్తేనే సుమారు 38 వేల టన్నులు. టిప్పరుకు 20 టన్నుల చొప్పున 1,900 ట్రిప్పులు. కింది కంకర పొరలు ఇంతకు ఎన్నో రెట్లు. ఆ కంకర ఏ గుట్టను పగలగొట్టి తెస్తారన్నది శంషాబాద్, షాద్‌నగర్, మహేశ్వరం దిక్కు ఊళ్లు ఇప్పుడే అడగాల్సిన మాట.

ఖర్చు ఎవరి మీద పడుతుంది? విమానాశ్రయ ఆర్థిక నియంత్రణ సంస్థ ఒప్పుకున్న పెట్టుబడి, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు రూపంలో టికెట్‌లో కలిసి ప్రయాణికుడి మీదే పడుతుంది. చప్పుడు భారం మాత్రం టికెట్ కొననివాళ్లది. మూడు డిగ్రీల వాలులో దిగే విమానం రన్‌వేకు పది కిలోమీటర్ల దూరంలో ఇంకా 520 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మూడు కిలోమీటర్ల దూరానికి వచ్చేసరికి 160కి దిగుతుంది.

గాట్విక్ ఉపాయం

కొత్తది వేయకుండా ఉన్నదాన్నే సర్దుకునే దారి ఒకటుంది. గాట్విక్‌లోనూ అచ్చం శంషాబాద్ లాగే ప్రధాన రన్‌వే పక్కన ట్యాక్సీవేగా, అవసరానికి రన్‌వేగా వాడేది ఒకటుంది. దాని నడిగీతను 12 మీటర్లు ఉత్తరానికి జరిపి, మధ్య దూరం 210 మీటర్లు చేసి, రోజూ వాడుకుంటామని అడిగితే బ్రిటన్ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో ఒప్పుకుంది. అయితే ఆ రన్‌వే మీద చిన్న విమానాలు ఎగరడమే తప్ప దిగడం ఉండదు. అదీ పక్కదాంతో వంతులు కలుపుకునే. రెట్టింపు కాదు, కొసరు.

లండన్‌లోని ఇంకో విమానాశ్రయం హీత్రూ సంగతి వేరు. అక్కడ పూర్తిస్థాయి మూడో రన్‌వేకు పార్లమెంటు 2018 జూన్‌లో ఓటేసింది. 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆపింది, డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసింది. ఇన్నేళ్లకూ అక్కడ తారు పడలేదు.

శంషాబాద్‌కు ఈ కొసరు ఉపాయం నాలుగైదేళ్ల ఊపిరి ఇస్తుందేమో గానీ మందు కాదు. రన్‌వే మీంచి గంటకు 93 కిలోమీటర్ల వేగంతో పక్కకు తప్పుకునే వాలు దారులు, రద్దీ వేళల్లో పెద్ద విమానాలు వాడడం లాంటివి ముందు చేయాల్సిన పనులే. అవి అయ్యాక కూడా రెండో స్వతంత్ర రన్‌వే అవసరం అక్కడే ఉంటుంది.

పాలమూరు: మొదటి అడ్డు కాగితమే

శంషాబాద్ ఒప్పందంలో ఒక షరతుంది. విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల లోపు కొత్తది రాకూడదు. తెరిచింది 2008 మార్చిలో కాబట్టి గడువు 2033 దాకా. ఆకాశమార్గాన చూస్తే గుడిబండ, నల్లగొండ రెండూ వంద కిలోమీటర్ల చుట్టుపక్కలే. వరంగల్ మామునూరు కూడా ఆ గీత లోపలే ఉంది గనుక, శంషాబాద్ నిర్వాహకులు అభ్యంతరం లేదని ఒప్పుకున్నాకే దానికి 2025లో కదలిక వచ్చింది. మామునూరుకు నిజాం కాలం నాటి 696 ఎకరాలు చేతిలో ఉన్నాయి, కొత్తగా తీసుకోవాల్సింది 253. గుడిబండ దగ్గర అలాంటి పాత ఆస్తి లేదు. అన్నీ రైతుల చెలకల్లోంచే రావాలి.

రెండో అడ్డు ఎండ. వేడికి గాలి పలచబడి రెక్కకు బలం తగ్గుతుంది. ఎత్తు 300 మీటర్లు పెరిగితే రన్‌వే పొడవు 7 శాతం పెంచాలి. ఆ ఎత్తులో ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రతకు పైన ప్రతి డిగ్రీకి ఒక శాతం కలపాలి. మహబూబ్‌నగర్ ఎత్తు సుమారు 500 మీటర్లు: 11.7 శాతం. ఆ ఎత్తుకు ప్రామాణికం 11.75 డిగ్రీలు, మే నెల పగటి సగటు 39 అనుకుంటే తేడా 27 డిగ్రీల పైచిలుకు. సముద్రం ఒడ్డున 2,000 మీటర్లు చాలే విమానానికి ఇక్కడ 2,840 మీటర్లు కావాలి. రెండు సవరణలూ కలిసి 35 శాతం దాటితే ఈ లెక్క కూడా సరిపోదు, ప్రత్యేక అధ్యయనం చేయించాలి. మన దగ్గర అది 42 శాతం దాటుతోంది. "రెండు కిలోమీటర్లు చాలు, ఎయిర్‌బస్ దిగుతది" అని సభల్లో చెప్పే మాట ఇక్కడే తేలిపోతుంది. రెండు కిలోమీటర్ల మీద ఏటీఆర్ లాంటి రెక్కపంకా విమానం హాయిగా నడుస్తుంది. ఎయిర్‌బస్ కూడా దిగొచ్చు గానీ, మండుటెండలో నిండు బరువుతో లేవలేదు. సీట్లయినా ఖాళీ పెట్టాలి, సరుకైనా దింపాలి.

మూడోది గుట్టలు, చెరువులు. విమానాశ్రయం చుట్టూ నాలుగు కిలోమీటర్ల దాకా 45 మీటర్ల ఎత్తు దాటి ఏదీ ఉండకూడదన్నది మూల నియమం. పాలమూరు, నల్లగొండ రాతి గుట్టల మధ్య అలాంటి వృత్తం గీయడం కాగితం మీద తేలిక. దేవరకద్ర దిక్కున కోయిల్‌సాగర్ లాంటి జలాశయాలకు చేరే పక్షులు ఇంకో లెక్క. ఆకాశం విషయంలో మాత్రం పాలమూరుదే పైచేయి. హైదరాబాద్‌కు ఉత్తరాన దుండిగల్, హకీంపేట వాయుసేన స్థావరాలు ఆకాశాన్ని పంచుకుంటాయి. దక్షిణాన ఆ ఇరుకు తక్కువ.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: ఎక్కేదెవరు? నారాయణపేట, మక్తల్, కోస్గి నుంచి ముంబై, పుణె పోయే వలస కూలి బస్సే ఎక్కుతాడు. పోలేపల్లి సెజ్ మందుల కంపెనీలకు కావాల్సింది సరుకు విమానం. ఎగుమతి సరుకులో చాలా భాగం పెద్ద ప్రయాణికుల విమానాల కడుపులో పోతుంది. అవి దిగేది శంషాబాద్‌లోనే, మందుల కోసం చల్లటి గోదాములున్నదీ అక్కడే. రోజుకు రెండు ఏటీఆర్‌లు వచ్చే చోట ఈ పని జరగదు. ఆ రెండింటి కోసమే అయినా కంట్రోల్ టవర్, అగ్నిమాపక బండ్లు, భద్రతా సిబ్బంది మొత్తం ఉండాల్సిందే. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకంలో ఒక్కో మార్గానికి రాయితీ మూడేళ్లే. ఆ తర్వాత విమానం తన ఖర్చు తానే తెచ్చుకోవాలి.

అసలు గద్వాల, అలంపూర్ వాళ్లకు విమానాశ్రయం వచ్చే ఉంది. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చి నుంచి విమానాలు మొదలయ్యాయి. 150 కిలోమీటర్ల గీత బయట ఉంది కాబట్టి దానికి ఆ తకరారు రాలేదు. రన్‌వే 2,000 మీటర్లే. అలంపూర్ చౌరస్తా నుంచి గంట లోపు దారి. గుడిబండలో కడితే పోటీ శంషాబాద్‌తోనే కాదు, దీనితో కూడా. ఇక నల్లగొండ వాళ్లు గుడిబండకు పోయి విమానం ఎక్కడమంటే ముక్కేదంటే తల చుట్టూ చేయి తిప్పి చూపినట్టే. నల్లగొండ, చౌటుప్పల్ వాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర, దేవరకొండ, మాల్ వాళ్లు ఇబ్రహీంపట్నం దాటాక ఔటర్ ఎక్కితే నేరుగా శంషాబాద్.

మా తూకం

మహబూబ్‌నగర్, జడ్చర్ల, నల్లగొండ, దేవరకొండకు శంషాబాద్‌లో స్వతంత్ర రన్‌వేనే మేలు. దాంతో పాటు ఉందానగర్ స్టేషన్లో దిగినవాళ్లకు టెర్మినల్ దాకా రైలు వేళలకు కలిసే బస్సులు, రీజినల్ రింగు రోడ్డు దక్షిణ భాగం చౌటుప్పల్, ఆమనగల్, షాద్‌నగర్ మీదుగా త్వరగా పూర్తి కావడం అడగాలి. గుడిబండకు 2033 దాకా తొందర లేదు. పైలట్ శిక్షణ, విమానాల మరమ్మతు లాంటి పనులకైతే ఆలోచించదగ్గదే. కానీ ఇప్పుడే సర్వే నంబర్లు ప్రకటించి, భూమిని రిజిస్ట్రేషన్లు జరగని 22-ఎ నిషేధిత జాబితాలో పెట్టి, పదేళ్లు కూర్చోబెట్టడం అన్నిటికంటే చెడ్డ దారి. అమ్ముకోలేరు, అప్పు పుట్టదు, బోరు వేయాలన్నా మనసొప్పదు.

ఒకవేళ నోటిఫికేషన్ వస్తే పరిహారం లెక్క ఇలా ఉంటుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువను పల్లెల్లో 1 నుంచి 2 మధ్య గుణకంతో హెచ్చించి, అంతే మొత్తం సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము కలుపుతారు. రిజిస్ట్రేషన్ విలువ ఎకరా 10 లక్షలు, గుణకం ఒకటిన్నర అనుకుంటే 30 లక్షలు. బయట 50 లక్షలు పలికే భూమి అయినా సరే, దస్తావేజుల్లో తక్కువ రాసుకుంటూ వచ్చిన ఊళ్లో ఇదే దక్కుతుంది. బోరు, పైపులైను, మామిడి చెట్లకు విడిగా విలువ కడతారు. అవి రికార్డుల్లో, ఫొటోల్లో ఉండాలి. మూడేళ్లుగా అక్కడే సాగు చేస్తున్న కౌలు రైతు, కూలి కూడా బాధిత కుటుంబమే. సామాజిక ప్రభావ అంచనా సభలో ఆ పేర్లు రాయించకపోతే తర్వాత ఎక్కించడం కష్టం.

హద్దు అవతలి వాళ్లు ఈ సభకు రారు, వాళ్ల భూమి పోవడం లేదు కాబట్టి. కానీ రన్‌వే కొస దాటాక అడ్డు ఉండకూడని ఎత్తు నూటికి రెండు చొప్పున మాత్రమే పెరుగుతుంది: 500 మీటర్ల దూరంలో 10 మీటర్లు, కిలోమీటరు దూరంలో 20. ఇరవై మీటర్ల తాడిచెట్టు ఆ గీత లోపల ఉంటే కొట్టేయాల్సిందే. వనం ఎవరి గెట్ల మీద ఉందో, ఆ చెట్లెక్కే గౌడ కుటుంబాలు ఎన్నో లెక్క తీయించుకుని ఆ సభకు వాళ్లు కూడా పోవాలి.