సీజను సరుకా, స్టోరేజీ సరుకా, ఓడ సరుకా: టోకున కొంటే ఏది మేలు?

మూడు యాపిల్ పెట్టెలు పక్కపక్కన తెరిచి పెట్టారనుకోండి. ఒకటి ఈ వారమే కోసిన కొత్త పంట. రెండోది పోయినేడు కోసి కోల్డ్ స్టోరేజీలో దాచింది. మూడోది భూమధ్యరేఖకు అవతల కోసి ఓడెక్కి వచ్చింది. కొత్త పంట మొదలయ్యే వారాల్లో టోకు బజారులో ఇది మామూలుగా కనిపించేదే. రంగు ఇంచుమించు ఒకటే, ధర మాత్రం మూడింటికీ మూడు రకాలు. ఒక పెద్ద వంటగదికి చాలాకాలం సరుకు కొన్నవాణ్ణి కాబట్టి, ఏది తీసుకోవాలని నన్ను అడిగేవాళ్లు ఎక్కువ. "సీజనులో దొరికేదే మంచిది" అని చెప్పేస్తే పని సులువు. కానీ ఆ మాట కొన్ని కాయలకు నూరుపాళ్లు నిజం, కొన్నిటికి సగమే, ఉల్లిపాయ లాంటివాటికి దాదాపు అబద్ధం.

ముందు ధర సంగతి తేల్చుకుందాం. పది కిలోల పెట్టె 100 అనుకోండి, ఏ దేశపు డబ్బయినా సరే. కుళ్లు, దెబ్బ తిన్నవి, వాడిన ఆకు, తీసిపారేసే తొడిమలు పోగా ఏడున్నర కిలోలు మిగిలితే, వాడుకోగలిగిన కిలో 13.3 పడింది. పక్క పెట్టె 120, కానీ తరుగు అరకిలోనే. అక్కడ కిలో 12.6. పైగా మొదటి పెట్టె ముందు ఒక మనిషి అరగంట కూర్చుని ఏరాడు, ఆ కూలి ఇంకా కలపలేదు. మొదట్లో నేనూ పెట్టె ధరే చూసి కొనేవాణ్ణి. చెత్తబుట్టను కూడా తూకం వేయడం మొదలుపెట్టాక నా బేరాలన్నీ తారుమారయ్యాయి.

ఇక ఏ సరుకు ఎన్నాళ్లు ఆగుతుందన్నది. కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది. తనలో ఉన్న చక్కెరను తానే ఖర్చుపెట్టుకుంటూ వేడిని వదులుతుంది. చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. పాలకూర, పుట్టగొడుగులు, బ్రకోలీ, పచ్చి బఠాణీ, తీపి మొక్కజొన్న బాగా దుబారా చేసే రకం. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, యాపిల్ పిసినారులు. సీజనా, స్టోరేజీయా అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

దుబారా రకాల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, సీజనులో దగ్గర పండిందే. మామూలు తీపి మొక్కజొన్న పొత్తును 30 డిగ్రీల వేడిలో వదిలేస్తే ఒక్క రోజులోనే సగానికి పైగా తీపి పోతుంది, చక్కెర పిండిగా మారిపోతుంది. అదే పొత్తును కోసిన వెంటనే సున్నా డిగ్రీలకు చల్లబరిస్తే నష్టం చాలా తక్కువ. స్ట్రాబెర్రీ సంగతీ అంతే. కోతకీ చల్లబరచడానికీ మధ్య గడిచిన ప్రతి గంటా చివర్లో నిలవ కాలంలోంచి కోత పడుతుంది. సున్నా డిగ్రీల్లో పెట్టినా అది నిలిచేది వారం రోజులే. అందుకే ఇలాంటి సరుకు కొనేటప్పుడు "ఎప్పుడు కోశారు" అని అడిగి ఊరుకోను, "కోశాక ఎన్ని గంటలకు చల్లబెట్టారు" అని కూడా అడుగుతాను. మంచి సరఫరాదారు గంటల్లో చెప్తాడు. "ఫ్రెష్ సరుకండీ" అని మాత్రమే చెప్పేవాడి దగ్గర పెట్టె అడుగున ఒకసారి చెయ్యి పెట్టి చూడాలి.

పండ్లలో ఇంకో తేడా ఉంది. అరటి, మామిడి, బొప్పాయి, కివీ, అవకాడో, టమాటా, యాపిల్ కోశాక కూడా మగ్గుతాయి. స్ట్రాబెర్రీ, ద్రాక్ష, నారింజ, చెర్రీ, అనాస మగ్గవు. చెట్టు మీద ఎంత తీపి ఎక్కిందో అంతే, ఆ తర్వాత పెరిగేది లేదు. కాబట్టి పుల్లటి ద్రాక్ష చౌకగా వచ్చిందని తెచ్చి నాలుగు రోజులు పెడితే తియ్యబడదు, వాడిపోతుంది. దూరం నుంచి వచ్చే మగ్గని పండును రుచి చూడకుండా కొనకపోవడమే క్షేమం. చక్కెర శాతం చూపించే రిఫ్రాక్టోమీటరు జేబులో పట్టేంత ఉంటుంది. రెండు చుక్కల రసం చాలు, అమ్మేవాడితో వాదన అక్కడితో ఆగిపోతుంది.

పిసినారి రకాలకు వచ్చేసరికి స్టోరేజీకి నేను పెద్ద అభిమానిని. చాలామంది "నిలవ సరుకు" అనగానే మొహం చిట్లిస్తారు గానీ, అందులో ఉన్న పనితనం చూస్తే ఆ మాట అనరు. కేంబ్రిడ్జిలో 1920లలో కిడ్, వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పండు చుట్టూ ఉన్న గాలినే మారిస్తే అది నెమ్మదిగా ఊపిరి తీస్తుందని చూపించారు. ఇప్పటి యాపిల్ గదుల్లో ఆక్సిజన్‌ను 1 నుంచి 3 శాతానికి దించుతారు. మనం పీల్చే గాలిలో అది 21 శాతం. చలిని సున్నా నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంచుతారు. రకాన్ని బట్టి ఎనిమిది నెలలు, కొన్నయితే ఏడాది దాకా కరకరలాడుతూ ఉంటాయి. నిద్రపుచ్చినట్టన్నమాట. లేపిన తర్వాతే అసలు చిక్కు. గది తలుపు తీశాక అది మామూలు యాపిల్ కన్నా తొందరగా మెత్తబడుతుంది. స్టోరేజీ యాపిల్‌ను నెలకు సరిపడా తెచ్చుకోవడం తెలివితక్కువ, వారానికి తెచ్చుకోవాలి.

బంగాళాదుంప దగ్గర ఇంకో మెలిక. ఎంత చల్లగా పెడితే అంత మంచిదనుకుంటే పొరపాటు. నాలుగు డిగ్రీల దగ్గర పెడితే మొలక రాదు నిజమే, కానీ లోపలి పిండి చక్కెరగా మారుతుంది. నూనెలో వేస్తే నల్లగా వేగి చేదెక్కుతుంది. వేపుళ్లకు, చిప్స్‌కు వాడే దుంపను అందుకే ఏడు నుంచి పది డిగ్రీల మధ్య దాస్తారు. రెండు బస్తాలూ చూడ్డానికి ఒకటే. ఏ చలిలో ఉందో అడగాలి, లేదంటే రెండు ముక్కలు వేయించి చూడాలి. ఉల్లిపాయకు తేమే శత్రువు. ఆకుకూరలకు 90 శాతం పైన తేమ కావాలి, ఉల్లికి 65, 70 శాతం దాటకూడదు. బాగా ఆరబెట్టి దాచిన పాత ఉల్లి, పచ్చి మెడతో హడావిడిగా వచ్చిన కొత్త ఉల్లి కన్నా టోకు కొనుగోలుకు ఎప్పుడూ మేలు. కొత్తది బరువు తూగుతుంది, ఆ బరువులో నీళ్లెక్కువ. వారంలో కుళ్లు మొదలు.

స్టోరేజీకి అసలు పనికిరాని వాటిని కూడా చెప్పాలి. టమాటాను 12 డిగ్రీల కిందికి దించితే వాసన పోతుంది, రంగు మాత్రం అలాగే ఉండి మోసం చేస్తుంది. అరటిని 13 డిగ్రీల కిందకి పెడితే తొక్క బూడిదరంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత సరిగ్గా మగ్గదు. ఇది కుళ్లు కాదు, చలి దెబ్బ. దోస, వంకాయ, బెండ కూడా ఈ గుంపులోవే. ఇవన్నీ ఒకే చల్లని గదిలో కుక్కే వంటగదులు చాలా చూశాను, మాదీ ఒకప్పుడు అందులో ఒకటే. ఒకసారి యాపిల్ పెట్టెల పక్కనే క్యారెట్ బస్తాలు పేర్చాను. పది రోజుల తర్వాత క్యారెట్ చేదెక్కింది. సరఫరాదారుతో గట్టిగా గొడవ పడ్డాను కూడా. తప్పు నాదేనని తర్వాత తెలిసింది. యాపిల్ వదిలే ఇథిలీన్ వాయువు తగిలితే క్యారెట్‌లో చేదు పదార్థం పుడుతుంది. ఆ వాయువే బ్రకోలీని పసుపురంగుకి తిప్పుతుంది, కివీని మెత్తబెడుతుంది. ఆయనకు క్షమాపణ చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టిందనుకోండి.

ఓడ సరుకు. ఉత్తరార్ధగోళంలో యాపిల్ కోత ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య, దక్షిణాన చిలీ, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో ఫిబ్రవరి నుంచి మే మధ్య. అంటే మే, జూన్ నెలల్లో ఉత్తరాన స్టోరేజీ పండుకు ఏడెనిమిది నెలల వయసు, ఓడ పండుకు నెలా రెండు నెలలు. దూరం నుంచి వచ్చిందే కొత్తది, దగ్గరదే పాతది. "స్థానికం కాబట్టి తాజా" అనే నమ్మకం ఆ నెలల్లో తలకిందులవుతుంది. ఓడ ప్రయాణం రేవును బట్టి రెండు నుంచి ఆరు వారాలు, అదీ చల్లటి కంటైనర్‌లోనే. ధరలో మాత్రం రవాణాతో పాటు మారకపు రేటు కూడా కూర్చుని ఉంటుంది. పంట బాగా పండినా కరెన్సీ కదిలితే మీ పెట్టె ధర కదులుతుంది. ఇక విమానంలో వచ్చే ఆస్పరాగస్, బెర్రీలు వగైరా గురించి ఒక్క మాటే. ఖర్చు భరించే మెనూ ఉంటే కొనండి, లేకపోతే ఆ నెల ఆ వంటకం తీసేయండి.

ఇప్పుడు అసలు గుంట. నా లెక్కలో చెడ్డ కొనుగోళ్లు ఎక్కువగా జరిగేది సీజను లేనప్పుడు కాదు, సీజన్లు మారే ఆ మూడు నాలుగు వారాల్లో. పాత పంట స్టోరేజీ అడుక్కి వచ్చి పిండిపిండిగా ఉంటుంది. కొత్త పంట ధరకు ఆశపడి దోరగా కూడా కాకముందే కోసి పంపుతారు. రెండూ బాగోవు, ధర మాత్రం ఏడాదిలోకెల్లా ఎక్కువ. రాక కొంచెం తగ్గితే ధర అంతలా ఎందుకు ఎగురుతుందన్నది పాత ప్రశ్నే. 1699లో ఇంగ్లండులో డేవనాంట్ అనే ఆర్థిక రచయిత అచ్చువేసిన ఒక లెక్క ఉంది, దాన్ని ఆ కాలపు గణాంకవేత్త గ్రెగరీ కింగ్ పేరుతో పిలుస్తారు. గోధుమ పంట పదో వంతు తగ్గితే ధర పదికి మూడు వంతులు పెరుగుతుందని, ఐదో వంతు తగ్గితే పదికి ఎనిమిది వంతులు పెరుగుతుందని. ఆ అంకెల్ని కూరగాయలకు ఉన్నవున్నట్టు అతికించలేం గానీ తీరు అదే. తిండి తగ్గించుకోవడం కష్టం కాబట్టి కొంచెం కొరతకే ధర మండుతుంది. తిరగేసి చూస్తే, కొంచెం ఎక్కువ పండినా ధర కుప్పకూలుతుంది. మంచి ధర చూసి రైతులంతా అదే వేస్తారు, మరుసటి పంటకు ధర పడుతుంది, ఆపై ఏడాది ఎవరూ వెయ్యరు. ఆర్థికశాస్త్రంలో దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారు.

కాబట్టి రోజువారీ బజారు ధరకు కొనాలా, ముందే ఒప్పందం చేసుకోవాలా అన్న రెండో ప్రశ్న కూడా వస్తుంది. ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్ లాంటి రోజూ తప్పనివాటికి నేను ఒప్పందం వైపే. నికరంగా ఎంత కావాలో ముందే తెలుసు, టెన్షన్ ఉండదు. మొత్తం అవసరానికి మాత్రం రాసుకోను, మూడింట రెండు వంతులకే. మిగతాది బజారులో. సీజను నడిబొడ్డున ధర పడితే ఆ మూడో వంతులో లాభం కనిపిస్తుంది. ఆకుకూరలు, మెత్తటి పండ్లు ఒప్పందంలో పెడితే ధర నిలుస్తుంది, నాణ్యత జారుతుంది. మంచి సరుకు ఎక్కువిచ్చేవాడికి వెళ్లి, ఒప్పందం ఉన్నవాడికి మిగిలింది వస్తుంది. ఉల్లి ధర మీద జూదం ఎంతదాకా పోగలదంటే, 1950లలో షికాగోలో ఇద్దరు వ్యాపారులు అక్కడి ఉల్లి దాదాపు మొత్తం గుప్పిట్లో పెట్టుకుని మార్కెట్‌ను అల్లకల్లోలం చేశారు. ఆ తర్వాత 1958లో అమెరికా ఉల్లిపాయల ఫ్యూచర్స్ వ్యాపారాన్నే, అంటే ముందెప్పుడో ఇచ్చే సరుకుకు ఇప్పుడే ధర కట్టి చేసే బేరాల్నే, చట్టంతో నిషేధించింది.

గ్రేడ్ల మీద కూడా ఒక మాట. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఎక్స్‌ట్రా, ఒకటి, రెండు అని తరగతులుంటాయి. ఎక్స్‌ట్రాలో సాధారణంగా ఐదు శాతం, మిగతా రెండిట్లో పది శాతం దాకా ఆ తరగతికి తగని కాయల్ని ఒప్పుకుంటారు. ఈ తరగతులు ఎక్కువగా ఆకారం, పరిమాణం, మచ్చల గురించి, రుచికి హామీ కాదు. నడి సీజనులో వచ్చిన రెండో తరగతి టమాటా, సీజను మొదట్లో వచ్చిన ఎక్స్‌ట్రా కన్నా వంటకు ఎన్నోరెట్లు నయం. ధరేమో సగం కూడా ఉండకపోవచ్చు. పళ్లెంలో కోసి పెట్టేదానికి పై తరగతి, గిన్నెలో ఉడికేదానికి కింది తరగతి.

మొదట చెప్పిన ఆ మూడు యాపిల్ పెట్టెల్లో నేను తీసుకునేది ఓడ పెట్టె, అదీ రెండు వారాలకు మాత్రమే. స్టోరేజీ పెట్టె చౌకగా ఇస్తే ఉడికించే వంటకాలకు కొంత తీసుకుంటాను. కొత్త పంట పెట్టెలోంచి ఒక కాయ అడిగి అక్కడే అడ్డంగా కోస్తాను. గింజలు ఇంకా తెల్లగానే ఉంటే మూసేయమంటాను. మూడో వారం మళ్లీ వెళ్లి ఇంకో కాయ కోస్తాను.