సైతాను ఎట్ల పడినాడు: బైబిలు, ఖురాను, జయవిజయులు... ఏది మేలు?

యూనివర్సిటీ దగ్గర రూంలో ముగ్గురం ఉంటాం. నాది చంద్రగిరి, ఒకడిది పలమనేరు, ముస్లిం, ఇంకొకడిది చిత్తూరు, ఆదివారం ఏ పని ఉన్నా చర్చి మానడు. పోయిన వారం రాత్రి అన్నం తింటా ఉంటే దేవుడు అంతా మంచిగానే చేసింటే సైతాను యాడ నుంచి వచ్చినాడురా అని మాట లేచింది, ఇంక రెండు గంటలదాకా ఎవురూ పడుకోలేదు. తర్వాత నాలుగు రోజులు కూర్చొని ఎవురి గ్రంథంలో ఏముందో చూసుకున్నా, నాకు ఏది మేలనిపించిందో చెప్తా.

ముందు చర్చి మాట. లూసిఫర్ అనే పెద్ద దూత తానే దేవుడంత కావాలని గర్వపడి పడిపోయినాడు అంటారు, యెషయా 14, యెహెజ్కేలు 28 చూపిస్తారు. తీసి చదివితే మొదటిది బబులోను రాజు మీద, రెండోది తూరు రాజు మీద, సాతాను పేరే లేదు. 3వ శతాబ్దంలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు ఆ మాటల్ని సాతానుకి కలిపి చెప్పినాడు, తెలుగు బైబిల్లో వేకువచుక్క అని ఉండేదాన్నే బైబిలు తర్జుమా చేసిన జెరోమ్ లాటిన్‌లో లూసిఫర్ అని రాసినాడు. ప్రొటెస్టెంట్ల పెద్ద గురువు కాల్విన్ అయితే ఇది సాతాను గురించి కానే కాదని కొట్టిపారేసినాడు. ఏదెను తోటలో పాము కూడా అంతే, ఆదికాండంలో అది పామే, అది సాతాను అని చెప్పేది ప్రకటన గ్రంథం 12వ అధ్యాయం. అబద్ధం అనడం లేదు నేను, కానీ తలా ఒక చోట ఉన్న ముక్కల్ని తర్వాతోళ్ళు ఒక బట్టగా కుట్టినారు, ఆ కుట్లు కనిపిస్తాయి. ఇంకో చిక్కు ఏమంటే, చెడగొట్టేవాడే లేని చోట మొదటి గర్వం ఎట్ల పుట్టింది? చెడు అనేది వేరే వస్తువు కాదు, మంచి తగ్గిపోవడమే, ఆ దూత తన ఇష్టంతోనే దేవుడి నుంచి మొహం తిప్పుకున్నాడు అంటాడు పాతకాలం చర్చి పెద్ద అగస్టీన్. ఇది చదివి వినిపిస్తే చిత్తూరోడు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

యూదులకి ఈ తిప్పలు లేవు. యోబు గ్రంథంలో సాతాను అనేది పేరు కూడా కాదు, ఒక పని, కోర్టులో నేరం మోపే ప్లీడరు లాగా, దేవుడి పర్మిషన్ లేకుండా యోబు మీద చెయ్యి కూడా వెయ్యలేడు. అందులో పడిపోయిన ఊసే లేదు. పార్సీల అంగ్ర మైన్యు కూడా పడిపోయినోడు కాదు, వాళ్ళ దేవుడు అహుర మజ్దాకి ఎదురు నిలబడిన చెడ్డ ఆత్మ. లెక్క తేలికే గానీ నాకు మనసు ఒప్పలేదు.

ఇంక ఇబ్లీస్, ఖురానులో సైతాను పేరు. దేవుడు మట్టితో ఆదంని చేసి అందరినీ వాడికి సజ్దా చెయ్యమన్నాడు, అంటే నేలకి తల ఆనించి మొక్కమన్నాడు, అందరూ చేసినారు, ఇబ్లీస్ చెయ్యలా. ఎందుకురా అంటే నేను వాడికంటే మేలు, నన్ను నిప్పుతో చేసినావు, వాణ్ణి మట్టితో చేసినావు అన్నాడు. వాడు దూత కాదు, జిన్ (నిప్పుతో చేసిన, కంటికి కనిపించని జాతి) అని ఖురాను 18వ సూరాలో, అంటే అధ్యాయంలో, ఉంది, అయినా వాడు దూతల్లో ఒకడని చెప్పిన పెద్దలూ ఉన్నారు. ఆదాముకి మొక్కను అని సాతాను మొండికేసిన కథ బైబిల్లో చేరని ఆదాము అవ్వల జీవితం అనే పాత గ్రంథంలోనూ ఉంది. 922లో బాగ్దాదులో చంపేసిన సూఫీ హల్లాజ్ అయితే ఇబ్లీస్ దేవుడికి తప్ప ఇంకెవరికీ మొక్కనన్న ప్రేమికుడు అన్నట్టు రాసినాడు. పలమనేరోడికి ఇది అస్సలు నచ్చలా, అట్లా చెప్తే అహంకారానికి సాకు దొరుకుతుంది భాయ్ అన్నాడు, నాకూ అదే కరెక్ట్ అనిపించింది.

ఎందుకంటే ఆ నిప్పు, మట్టి మాట నేను విన్న మాటే. ఎనిమిదేళ్ళప్పుడు మా నాయనతో కూలి డబ్బులకి ఒక ఇంటికి పోయినా, దాహం అంటే గ్లాసు ఇయ్యలేదు, వంగి దోసిలి పట్టమన్నారు, పైనుంచి చెంబుతో పోసినారు, సగం నీళ్ళు మోచేతుల మీదుగా చొక్కాలోకి పోయినాయి. మీ పుట్టుక ఏంది, మా పుట్టుక ఏంది అన్నాడు ఆ పెద్దమనిషి మా నాయనతో. ఖురానులో ఆ జవాబు చదవంగానే ఆ చెంబు గుర్తొచ్చింది.

మనకి సైతాను అంటూ ఒకడు లేడు, దగ్గరికొచ్చేది జయవిజయులు. పోయిన నెల తిరుమల దర్శనానికి పోయినప్పుడు బంగారు వాకిలి దగ్గర జరగండి జరగండి అని వెనక నుంచి తోస్తా ఉన్నా నేను రెండు పక్కలా నిలబడిన ఆ రాగి ద్వారపాలకుల్నే చూసినా. సనకసనందనాదుల్ని వైకుంఠం వాకిట్లో ఆపినందుకు శాపం పడి హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు అయి మూడు జన్మలు స్వామికి శత్రువులుగా బతికి మళ్ళీ ఆ వాకిటికే వచ్చినారు. పడినోడు తిరిగి ఇంటికి రావడం ఇంత గట్టిగా నేను ఇంకెక్కడా చూడలా, ఇబ్లీస్‌కి దొరికింది ప్రళయం దాకా గడువు మాత్రమే. కానీ నన్ను పీకే మాట ఒకటుంది, వాళ్ళ శాపం తీరేదానికి ప్రహ్లాదుడు, సీతమ్మ ఏడవాల్నా? చెడు శాపంగా వచ్చిందంటే చేసినోడి తప్పు సగం తగ్గిపోతుంది.

అందుకే నా ఓటు ఇబ్లీస్ కథకే. అక్కడ ఎవురూ శపించలా, ఎవురూ చెడగొట్టలా, వాడే నేను మేలు అనుకున్నాడు, వాడి నోటితో వాడే చెప్పినాడు. తిరిగొచ్చే దారి గురించి మాత్రం నేను ఆ వాకిలి వైపే ఉంటా. చిత్తూరోడు ఇంకా అగస్టీన్ పక్షమే, ఈ ఆదివారం వాళ్ళ పాస్టర్ని అడిగి వస్తా అన్నాడు.