డీఎస్‌జీ మొరాయిస్తే ఏది మేలు: డీలర్ వారంటీయా, బయటి స్పెషలిస్టా?

ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ, టైగున్ జీటీ, స్కోడా స్లావియా 1.5, కుషాక్ 1.5... బ్యాడ్జీ ఏదైనా ఆటోమేటిక్ అయితే కింద ఉన్నది ఒకటే ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. కంపెనీ లోపల దాని పేరు డీక్యూ200. పాత పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్నదీ దీని కుటుంబమే. పై నాలుగు బండ్లలోని 1.5 టీఎస్‌ఐ ఇంజిను ఇచ్చే టార్క్ (తిప్పే బలం) 250 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్సు మోయగలిగే గరిష్ఠ టార్క్ కూడా 250. షోరూం గేటు దాటిన రోజే అది అంచు మీద ఉందన్నమాట. ఈ ఒక్క అంకె గుర్తుంటే కింద రాసినదాంట్లో సగం దానంతటదే అర్థమవుతుంది.

వారంటీ బతికి ఉన్నంతకాలం డీలరే మేలు. కాకపోతే బండిని డీలర్ దగ్గర వదిలిపెట్టడం వేరు, గేర్‌బాక్సు పని చేయించుకోవడం వేరు. వారంటీ ముగిశాక లెక్క మారుతుంది, అప్పుడు కూడా అన్ని పనులకూ కాదు.

పాడైంది క్లచ్చా, మెకట్రానిక్కా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఏ దారి మేలన్నది దీన్నిబట్టే ఉంటుంది.

డీక్యూ200లో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి. కే1 బేసి గేర్లకు (1, 3, 5, 7), కే2 సరి గేర్లకూ రివర్స్‌కూ. వీటిని నడిపేది మెకట్రానిక్ అనే పెట్టె. పంపు, ప్రెషర్‌ను నిల్వ చేసే అక్యుములేటరు, సోలనాయిడ్ వాల్వులు, కంట్రోల్ యూనిట్ అన్నీ అందులోనే. మెకట్రానిక్‌కు సొంతంగా సుమారు లీటరు హైడ్రాలిక్ ఆయిలు ఉంటుంది, గేర్లకు వేరుగా సుమారు 1.7 లీటర్లు. రెండూ కలవవు.

సాయంత్రం ఆరింటికి మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా బ్రేకు మీద కాలు సగం ఎత్తి పాకించుకుంటూ పోతే కే1 అంతసేపూ సగం పట్టుకుని జారుతూనే ఉంటుంది. ఆ వేడిని లాక్కుపోవడానికి చుట్టూ ఆయిలు లేదు. ఫేసింగు (క్లచ్ పట్టుకునే గరుకు ముఖం) మీద మెరుపు పొర కడుతుంది, ఆ తర్వాత ఒకటో గేరు పట్టేటప్పుడూ రెండుకు మారేటప్పుడూ బండి వణుకుతుంది. ఆయిలులో తడిసి ఉండే తడి క్లచ్ ఉన్న స్కోడా ఆక్టావియా ఆర్ఎస్‌ లాంటి బండ్లలో ఈ బాధ చాలా తక్కువ. వాటికి ఉన్న బాధ వేరు: ఆర్ఎస్ 230లోని ఆరు గేర్ల డీఎస్‌జీకి ప్రతి 60,000 కిలోమీటర్లకూ ఆయిలు, ఫిల్టరు మార్చి తీరాలి. ఆ బిల్లు లేకపోతే వారంటీ మాట ఎత్తడమే కష్టం.

మెకట్రానిక్ జబ్బు ఇలా మెల్లగా రాదు. డాష్‌బోర్డు మీద స్పానర్ గుర్తు, గేరు అక్షరం మిణుకుమిణుకు, ఒక్కసారిగా కొన్ని గేర్లు మాయం. రివర్స్‌తో పాటు 2, 4, 6 పోతే కే2 వైపు తేడా. 1, 3, 5, 7 పోతే కే1 వైపు. మొత్తం పోయి, స్కానులో పీ17బీఎఫ్ అనే కోడ్ కనిపిస్తే ప్రెషర్ నిలవడం లేదని అర్థం. మామూలుగా పంపు సుమారు 40 బార్ దగ్గర మొదలై 60 దగ్గర ఆగుతుంది. అక్యుములేటరు బిగించే చోట అల్యూమినియం హౌసింగు పలచగా ఉంటుంది. ప్రెషర్ ఎక్కుతూ దిగుతూ అలసిపోయి అక్కడ పగులుతుంది. ఆయిలు లోపలే కారిపోతుంది, పంపు ఆగకుండా తిరుగుతుంది, చివరికి కంట్రోల్ యూనిట్ పంపును కాపాడుకోవడానికి చేతులెత్తేస్తుంది.

మెకట్రానిక్ పోతే కోడ్ మిగులుతుంది. వణుకు చాలాసార్లు కోడే మిగల్చదు. కోడ్ ఉన్న జబ్బుకు డీలర్ దగ్గర వాదనే ఉండదు. కోడ్ లేని దానికి “ఈ బండి లక్షణమే ఇంత సార్” అన్న జవాబు రెడీగా ఉంటుంది.

సెట్టింగా, విడిభాగమా?

వారంటీలో డీలర్ మొదట చేసేది బేసిక్ సెట్టింగు, అంటే క్లచ్‌లు పట్టే బిందువును కంట్రోల్ యూనిట్‌కు మళ్లీ నేర్పించడం. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేటుతో పాటు చేస్తే తొలిదశ వణుకు నిజంగానే తగ్గుతుంది. కాకపోతే పద్ధతి ప్రకారం జరగాలి: బండి ‘పీ’లో, గేర్‌బాక్సు వేడి 30 నుంచి 100 డిగ్రీల మధ్య, బ్యాటరీ వోల్టేజీ పడిపోకుండా చార్జరు, ఆ తర్వాత రోడ్డు మీద అన్ని గేర్లలోనూ నడిపే అడాప్టేషన్ డ్రైవు. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఈ ఆఖరి మెట్టే. షెడ్డులో సెట్టింగు చేసి తాళాలు ఇచ్చేస్తే వారంలో వణుకు తిరిగొస్తుంది.

ఒకసారి సెట్టింగుకు ఒప్పుకోవచ్చు. రెండోసారీ అదే చేస్తామంటే మాత్రం క్లచ్ ప్యాక్ అడగాలి. మెరుపు పొర కట్టిన ఫేసింగును ఏ సాఫ్ట్‌వేరూ గరుకు చేయలేదు. పీ17బీఎఫ్ ఉన్నప్పుడు ఒక్కసారి సెట్టింగు చేయడం కూడా దండగే. కోడ్ చెరిపి పంపితే బండి ఫ్లైఓవర్ మధ్యలో ఆగుతుంది, అంతే.

మెకట్రానిక్ ఒక్కటా, గేర్‌బాక్సు మొత్తమా?

గేర్‌బాక్సు మొత్తం కొత్తది వేయించుకుంటే గెలిచినట్టు అనుకునేవాళ్లు ఎక్కువ. అది అన్నిసార్లూ నిజం కాదు. మెకట్రానిక్ గేర్‌బాక్సు ముందు వైపు నుంచి ఊడుతుంది, గేర్‌బాక్సును బండి నుంచి దించక్కర్లేదు. కొత్తది పెట్టి, కంపెనీ సర్వరుతో ఆన్‌లైన్‌లో కోడింగ్ చేసి, బేసిక్ సెట్టింగు చేస్తే పని అయిపోతుంది. భాగం చేతిలో ఉంటే రెండు మూడు రోజుల పని. గేర్‌బాక్సు మొత్తమంటే కంపెనీ టెక్నికల్ విభాగం అనుమతి కావాలి, భాగం రావాలి, సబ్‌ఫ్రేము కదపాలి, డ్రైవ్‌షాఫ్టులు తీయాలి. బండి వారాలు నిలిచిపోవచ్చు. తీసి పెట్టే చేయి సరిగా లేకపోతే కొత్త చప్పుళ్లు, కొత్త లీకులు.

అందుకే వివాదం లేని మెకట్రానిక్ లోపానికి మెకట్రానిక్ ఒక్కటే మేలు. మొత్తం అడగాల్సిన సందర్భాలు మూడే: ఆయిల్‌లో లోహపు పొడి కనిపించడం, ఒక గేరులోనే బేరింగు ఊళ, మెకట్రానిక్, క్లచ్ రెండూ మార్చాక కూడా అదే లోపం రావడం.

క్లచ్ ప్యాక్ విషయంలో ఎవరు చేస్తున్నారన్నదే ముఖ్యం. ప్యాక్ తీయడానికి ప్రత్యేక పుల్లర్ కావాలి. బిగించేటప్పుడు కే1, కే2 ఎంగేజ్‌మెంట్ బేరింగుల ఎత్తు గేజితో కొలిచి షిమ్‌లు (సందు సరిచేసే పలచని రింగులు) ఎంచాలి, సర్‌క్లిప్ కొత్తదే వేయాలి. కొలవకుండా పాత షిమ్‌లే వేస్తే కొత్త క్లచ్ కూడా మొదటి రోజు నుంచే వణుకుతుంది, అప్పుడు తప్పు మెకట్రానిక్ మీదికి పోతుంది. డీలర్ వర్క్‌షాపులో ఈ పని నేర్చినవాళ్లు ఒకరిద్దరే ఉంటారు. ఆ మనిషి సెలవులో ఉంటే బండిని ఆ వారం ఇవ్వకపోవడమే నయం.

డీలర్ దగ్గర పని జరగాలంటే

జాబ్‌కార్డులో ‘గేర్‌బాక్స్ ప్రాబ్లం’ అని రాయనివ్వకూడదు. ‘ఇంజిను వేడెక్కాక, ఏసీ వేసి, ట్రాఫిక్‌లో 1 నుంచి 2కు మారేటప్పుడు, 10 నుంచి 20 కిలోమీటర్ల వేగం మధ్య వణుకు’ అని రాయించాలి. చల్లటి పొద్దున ఖాళీ రోడ్డు మీద టెస్ట్ డ్రైవు చేసి ఏమీ లేదని రాసే వీలు అప్పుడు ఉండదు. సాధ్యమైతే సాయంత్రం, నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో నడిపి వేడిగా ఉన్న బండినే ఇవ్వాలి. టెస్ట్ డ్రైవుకు సర్వీస్ అడ్వైజరు కాదు, టెక్నీషియన్ రావాలి, బండి యజమాని పక్కన కూర్చోవాలి.

కోడ్‌లు చెరపకముందే స్కాన్ రిపోర్టు ప్రింటు తీసుకోవాలి. చెరిపేశాక ఏమీ మిగలదు. లోపం వచ్చినప్పుడు కిలోమీటర్ల రీడింగు కనిపించేలా డాష్‌బోర్డు వీడియో తీసి ఉంచుకోవాలి. బండి తీసుకునేటప్పుడు సున్నా రూపాయల బిల్లే అయినా అడిగి తీసుకోవాలి. మార్చిన భాగం నంబరు అందులో ఉండాలి. చాలా కంపెనీల షరతుల్లో వారంటీలో వేసిన భాగానికి అసలు వారంటీలో మిగిలిన కాలమే వర్తిస్తుంది. నలభై ఏడో నెలలో కొత్త మెకట్రానిక్ వేస్తే, నాలుగేళ్ల వారంటీలో దానికి దక్కేది ఒక్క నెలే. గడువు తీరకముందు తేదీతో జాబ్‌కార్డు ఉంటే, అదే లోపం తిరగబెట్టినప్పుడు అడగడానికి ఆధారం ఉంటుంది.

ఒక డీలర్ రెండుసార్లు తిప్పిపంపితే మూడోసారీ అక్కడికే వెళ్లనక్కర్లేదు. అదే కంపెనీ వేరే డీలర్ దగ్గరా వారంటీ చెల్లుతుంది. బయటి మెకానిక్‌ను వెతికే ముందు చేయాల్సింది ఇదే.

ట్యూన్ చేసిన బండి

స్టేజ్ 1 ట్యూన్ వేస్తే, అంటే బలం పెంచడానికి ఇంజిను సాఫ్ట్‌వేరు (మ్యాప్) మారిస్తే, టార్క్ 300 దాటుతుంది. గేర్‌బాక్సు హద్దు 250 దగ్గరే ఉంది. క్లచ్ జారితే అప్పుడు అది తయారీ లోపం కాదు, లెక్క. డీలర్ దగ్గరికి వెళ్లేముందు మ్యాప్‌ను తిరిగి కంపెనీ ఇచ్చినదానికే మార్చినా పని జరగదు. ఫోక్స్‌వాగన్ గ్రూపు బండ్లను డీలర్ కంప్యూటరుకు తగిలించినప్పుడు ఇంజిను సాఫ్ట్‌వేరు వివరాలు కంపెనీ సర్వరుకు వెళ్తాయి, తేడా ఉంటే బండి రికార్డులో టీడీ1 అని గుర్తు పడుతుంది. అది పడ్డాక ఏ డీలర్ దగ్గరికి వెళ్లినా కనిపిస్తుంది. ట్యూన్ చేయించుకున్నవాళ్లు గేర్‌బాక్సు రిపేరుకు సొంత డబ్బు పక్కన పెట్టుకోవడమే నిజాయితీ గల లెక్క.

అమెరికాలో గోల్ఫ్ జీటీఐ నడిపే తెలుగువాళ్ల పరిస్థితి కొంత వేరు. అక్కడి వారంటీల చట్టం మాగ్నూసన్-మాస్ (1975) ప్రకారం మార్పు వల్లే లోపం వచ్చిందని చూపాల్సిన భారం కంపెనీ మీద ఉంటుంది. కాలిఫోర్నియాలో అయితే మొదటి 18 నెలలు లేదా 18,000 మైళ్లలోపు ఒకే లోపానికి నాలుగు రిపేర్లు లేదా మొత్తం 30 రోజులు వర్క్‌షాపులో ఉండటం లెమన్ చట్టానికి (బాగుకాని లోపమున్న బండ్ల మీద చట్టం) ఆధారం. మన దగ్గర అలాంటి చట్టం లేదు.

బయటి స్పెషలిస్టు ఎప్పుడు?

వారంటీ ముగిశాక పగిలిన హౌసింగుకు డీలర్ చెప్పేది కొత్త మెకట్రానిక్ మొత్తం, లక్షల్లో బిల్లు. స్పెషలిస్టు ఆ ఒక్క హౌసింగునూ అక్యుములేటరునూ మార్చి, పాత కంట్రోల్ యూనిట్‌నే ఉంచుతాడు. కోడింగ్ అక్కర్లేదు, ఖర్చు చాలా తక్కువ. ఇక్కడ బయటివాడే స్పష్టంగా మేలు. సరైన హైడ్రాలిక్ ఆయిలు కొలిచి పోస్తున్నాడా, చివర బేసిక్ సెట్టింగు చేస్తున్నాడా అన్న రెండూ చూసుకుంటే చాలు. క్లచ్ ప్యాక్ అయితే పుల్లరు, కొలత గేజి, షిమ్‌ల సెట్టు ఉన్నాయా అని అడగాలి. లేవంటే డబ్బు ఎక్కువైనా డీలర్ దగ్గరికే వెళ్లాలి.

వారంటీలో ఉండగా బయట గేర్‌బాక్సు విప్పించడం మాత్రం చేయకూడని పని. బయట సర్వీసు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందన్న షరతు తగదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో చెప్పింది, రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా కూడా వేసింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి. కానీ బయట ఆయిలు మార్చడం వేరు, లోపం ఉన్న గేర్‌బాక్సునే బయట విప్పడం వేరు. విప్పాక ఆ లోపం ఎవరిదని తేల్చడానికి సాక్ష్యం ఉండదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సివస్తే కావాల్సింది ఆ సాక్ష్యమే. చెల్లించిన ధర రూ. 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, లోపం బయటపడిన రెండేళ్లలోపు. 10 నుంచి 20 లక్షల బండికి ఫీజు రూ. 400. ఉండే ఊళ్లోనే వేయవచ్చు. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంటే చాలా కేసుల్లో కంపెనీ కదులుతుంది. కొత్త బండి ఇవ్వమని అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: క్లచ్ లోపం గురించి మారుతీ ఉద్యోగ్ మీద వచ్చిన కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ ఇచ్చిన మాట లోపమున్న భాగాన్ని మార్చడం వరకేనని, బండినే మార్చమనడం కుదరదని చెప్పింది. భాగం మార్చమని, నిలిచిపోయిన రోజుల ఖర్చు ఇప్పించమని అడిగితే నిలబడే అవకాశం ఎక్కువ.

పాత పోలో జీటీ టీఎస్‌ఐ సెకండ్‌హ్యాండులో కొనేవాళ్లకు ఇంకో పని ఉంది. 2013లో ఫోక్స్‌వాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల ఏడు గేర్ల డీఎస్‌జీ బండ్లలో సింథటిక్ గేర్ ఆయిలు తీసి మినరల్ ఆయిలు పోయించింది. వేడి, తేమ ఎక్కువున్న చోట్ల ఆ పాత ఆయిలు వల్ల కరెంటు షార్టు అయ్యే వీలుంది. చాసిస్ నంబరు చెప్పి ఆ పని ఆ బండికి వర్తిస్తుందా, అయిందా అని డీలర్‌ను అడగడానికి పైసా ఖర్చు లేదు.

పొడిగించిన వారంటీ విషయానికొస్తే, డీక్యూ200 ఉన్న బండికి కొనాల్సిందే. మొదటి వారంటీ ముగియకముందే కొనాలి, సంతకం పెట్టే ముందు మినహాయింపుల పేజీలో క్లచ్‌ను ‘అరిగే భాగం’ కింద రాశారా, మెకట్రానిక్ పేరు విడిగా ఉందా అని చూడాలి. క్లచ్ మినహాయించి ఉన్నా సరే, మెకట్రానిక్ ఉంటే కొనవచ్చు. మెకట్రానిక్ కూడా లేకపోతే ఆ డబ్బును బ్యాంకులో ఉంచుకోవడమే నయం.