క్యాంపుకెళ్లే పిల్లాడి సంచిలో రోటాహేలరా, స్పేసరా: ఏది మేలు?

వేసవి సెలవులు దగ్గరపడేసరికి ఉబ్బసం ఉన్న పిల్లల తల్లులు నన్ను అడిగేది ఒకటే: "పది రోజుల క్యాంపుకి పంపుతున్నాం, ఆయాసం వస్తే వాడడానికి రోటాహేలర్ పెట్టమంటారా, పఫ్ పెట్టమంటారా?" రోటాహేలర్ అంటే క్యాప్సూల్‌లోని పొడి మందుని నోటితో లాగే పరికరం. పఫ్ అంటే నొక్కితే మందు స్ప్రేలా వచ్చే ఇన్‌హేలర్, దాన్ని స్పేసర్ అనే గొట్టానికి తగిలించి పీలుస్తారు. కిందటి నెల మా పదకొండేళ్లవాణ్ణి అరకు వైపు క్యాంపుకి పంపేటప్పుడు నేనూ ఈ లెక్కలన్నీ వేసుకున్నాను.

రోటాహేలర్‌ని తీసిపారేయడానికి లేదు. జేబులో పడుతుంది, ఖర్చు తక్కువ. క్యాప్సూల్ వేసి, తిప్పి, గట్టిగా లాగితే సరి. రోజూ పొద్దునా సాయంత్రం వాడే మందుకి మావాడు దాన్నే వాడుతున్నాడు, బాగానే పనిచేస్తోంది.

చిక్కంతా ఆ "గట్టిగా లాగడం" దగ్గరే. పొడి ఊపిరితిత్తుల్లోకి చేరేది పిల్లాడి లాగుడు బలంతోనే. ఆయాసం ముదిరితే ముందు తగ్గేది ఆ బలమే. పోయిన చలికాలం ఒక రాత్రి పిల్లికూతలు మొదలై, గొంతు కింద గుంట పడుతుంటే, వాడు మూడుసార్లు లాగాడు. తెరిచి చూద్దును కదా, క్యాప్సూల్‌లో పొడి సగం అలాగే ఉంది! వెంటనే స్పేసర్ తీశాను. పఫ్ బాగా ఊపి, ఒక్కసారి నొక్కి, మామూలుగా ఐదారు ఊపిరులు తీసుకోమన్నాను. మళ్లీ ఊపి, మళ్లీ ఒకటి. ఊపిరి తీసినప్పుడల్లా స్పేసర్ వాల్వ్ కదులుతుంటే, మందు వెళ్తోందని నా కంటికి తెలిసింది.

క్యాంపులో ఆ పక్కన ఉండేది మనం కాదు, వార్డెన్. ఆవిడ చేత్తో ఇవ్వగలిగేదే కావాలి. పైగా తెలియనివాళ్లు రోటాక్యాప్‌ని, అంటే రోటాహేలర్‌లో వేసే క్యాప్సూల్‌ని, మాత్ర అనుకుని నీళ్లతో మింగించేస్తారు. కొండల చెమ్మకి పొడి ముద్దకట్టే బెడద కూడా ఉంది. అందుకే నా ఓటు స్పేసర్‌కే, సంచిలో చోటు తినేసినా సరే.

నెబులైజర్ (మందుని ఆవిరిలా చేసి పీల్పించే మెషిన్) అంటారా, కరెంటు కావాలి, మోసుకెళ్లాలి. మామూలు ఆయాసానికి స్పేసర్ దానికేమీ తీసిపోదు. సిరప్పులూ మాత్రలూ అయితే ఆలస్యంగా పనిచేస్తాయి, వాటిని నమ్ముకుని పంపకండి.

ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్ మందు పఫ్‌లు రెండు కొనండి. ఒకటి స్పేసర్‌తో సహా పిల్లాడి దగ్గరే ఉండాలి, ఆఫీసు బీరువాలో తాళం వేసి కాదు. రెండోది, ఇంకో స్పేసర్, వార్డెన్ దగ్గర. ఎన్నిసార్లు నొక్కి ఇవ్వాలో, ఎంతకీ తగ్గకపోతే 108కి ఎప్పుడు ఫోన్ చేయాలో డాక్టరుగారి చేత తెలుగులో రాయించి, రెండింటికీ ఒక్కో కాగితం జత చేయండి. పఫ్‌ని ఎండలో, బస్సు అద్దం దగ్గర పెట్టొద్దని చెప్పండి. స్పేసర్‌ని సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. తుడిస్తే మందు గోడలకి అంటుకుపోతుంది.

బస్సు కదిలే ముందు వార్డెన్‌గారి చేత మావాడికి ఒక్కసారి పట్టించి చూశాను. మొదటిసారి ఊపడం మర్చిపోయారు. "ఊపాలి మేడమ్" అని వాడే చెప్పాడు.