హాలు బండల కోసం తాండూరు, బేతంచెర్ల, ఆత్తంగుడి తిరిగొచ్చాం

హాల్లో కింద ఏం వేయించాలన్నది షోరూమ్‌లో నిలబడి తేల్చుకునే పని కాదని నా గట్టి అభిప్రాయం. అక్కడ ప్రతి టైల్ మీదా లైట్లు పడుతుంటాయి, మనం చెప్పులేసుకుని చూస్తాం, పైగా అన్నీ కొత్తవే. ఇంట్లోనేమో ఉత్తకాళ్లతో తిరుగుతాం, కింద కూర్చుని కూరలు తరుగుతాం, పిల్లలు సాంబారు ఒలకబోస్తారు. అందుకే మా ఇంటి పని ప్లాస్టరింగ్ దాకా వచ్చేసరికి మా ఆయనా నేనూ, వీలైన చోటికి అత్తయ్యని కూడా తీసుకుని, రాయి తీసే ఊళ్లకీ టైల్ పోసే ఊరికీ వెళ్లి కొత్త సరుకుతో పాటు పాతబడ్డ నేలలు కూడా చూసి వచ్చాం. మా హాలు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, గ్రౌండ్ ఫ్లోర్. అపార్ట్‌మెంట్ వాళ్లకి లెక్క వేరు, అది తర్వాత చెప్తాను.

ముందు తాండూరు. హైదరాబాద్ లింగంపల్లిలో పొద్దున రైలెక్కితే వికారాబాద్ మీదుగా హాయిగా వెళ్లిపోవచ్చు. రాత్రి ఉండాల్సిన పనిలేదు, సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఊరు దగ్గర పడుతుంటేనే రాతి ముక్కల గుట్టలు కనిపిస్తాయి. దుమ్ము మాత్రం చాలా ఎక్కువ, సిమెంటు ఫ్యాక్టరీల లారీలూ బండల లారీలూ ఒకే రోడ్డు మీద, కాబట్టి ఆయాసం ఉన్నవాళ్లు మాస్క్ పెట్టుకుని వెళ్లండి. స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడుకుంటే పాలిష్ యూనిట్లన్నీ వాళ్లే తిప్పి చూపిస్తారు. మా ఆటో అబ్బాయికి ఏ యూనిట్‌లో ఏ రంగు ఉంటుందో కూడా తెలుసు.

తాండూరు రాయి అంటే సున్నపురాయే, పొరలు పొరలుగా పేరుకున్నది. అందుకే పలకలుగా తేలిగ్గా విడిపోతుంది. నీలం, పసుపు ఈ రెండు రంగులే ప్రధానం. నీలం అంటే నీలం కాదు, వాన మబ్బు రంగు. అక్కడ తెలిసినవాళ్ల ద్వారా ఓ పాత ఇంటికి వెళ్లాం, వాళ్ల తాతగారు వేయించిన బండలట. గడప దగ్గర నుంచి వంటింటి దాకా రోజూ నడిచే దారి మాత్రం నల్లగా, నున్నగా తేలింది, మంచం కిందా బీరువా పక్కనా రాయి ఇంకా గరుగ్గానే ఉంది. పాలిష్ మిషన్ దాని మీద ఎప్పుడూ తిరగలేదట, ఆ నునుపంతా కాళ్లదే. అత్తయ్య చెప్పులు విడిచి అటూ ఇటూ నడిచి, ఇది జారదే అంది. నాకు అప్పుడే సగం మనసు అటు మొగ్గింది.

యూనిట్లలో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక చోట పైన పెట్టిన నాలుగు బండలు ఒకటే రంగు, తీయించి చూస్తే కిందవి మచ్చలతో, వేరే ఛాయలో ఉన్నాయి. అడిగితే పరిచాక కలిసిపోతుందన్నాడు. కలవదు. పదండి అని వచ్చేశాం. ఇంకో యూనిట్‌లో ముసలాయన మాత్రం ఓపిగ్గా నేర్పించారు: బండని నిలబెట్టి రూపాయి బిళ్లతో కొడితే గంటలా ఖంగుమనాలి, మొద్దుగా మోగితే లోపల పొర విడిచి ఉన్నట్టు. తర్వాత నీళ్లు పోసి ఆరనివ్వాలి, రాయంతా ఆరినా ఒక గీత మాత్రం తడిగా మిగిలితే అది పగులు. అంచులు మిషన్‌తో కోసినవే తీసుకోండి, చేత్తో కొట్టినవి చవకే గానీ జాయింట్లు లావుగా వస్తాయి. మందం కూడా బండకీ బండకీ తేడా ఉంటుంది, మేస్త్రి కింద సిమెంటు మాలు ఎక్కువ తక్కువ వేసి సర్దాల్సిందే.

బేతంచెర్లకి కారులో వెళ్లాం, కర్నూలు మీదుగా డోన్ వచ్చి అక్కడి నుంచి. డోన్‌లో రోడ్డు పక్కన ఉగ్గాని, బజ్జీ తిన్నాం, ఆ పూటకి ఇంకేం అక్కర్లేదు. బేతంచెర్ల నాపరాళ్లు కూడా సున్నపురాయే, రాయలసీమ ఇళ్లకి కొత్త కాదు. రంగు ముదురుగా ఉంటుంది, పాలిష్ పెడితే బాగా మెరుస్తుంది. రేటు, బేరం, మాట తీరు తాండూరు కంటే ఇక్కడే నాకు బాగా అనిపించాయి. కాకపోతే ముదురు నేల మీద దుమ్మూ, తడి కాళ్ల గుర్తులూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రోజుకి రెండుసార్లు తుడిచే ఓపిక ఉంటేనే ఆ మెరుపు జోలికి వెళ్లండి. ఒంగోలు పక్కన చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కీ ఇదే సంగతి. వంటగట్టుకి దాన్ని మించింది లేదు, హాలుకి మాత్రం నేను వద్దనే అంటాను.

నిమ్మకాయ పరీక్ష చేసింది బేతంచెర్లలోనే. ఓ చిన్న పాలిష్ ముక్క అడిగి తీసుకుని, దాని మీద అర చెక్క నిమ్మరసం పిండి పక్కన పెట్టాం. కాసేపటికి సన్నగా నురగ వచ్చింది. కడిగి తుడిస్తే ఆ మేర గుండ్రంగా మెరుపు పోయి, సుద్ద పూసినట్టు తెల్లగా మిగిలింది. ఎంత రుద్దినా పోలేదు. సున్నపురాయి ఏదైనా ఇంతే, తాండూరైనా, షాబాదైనా, కడప బండైనా, చివరికి మార్బుల్ అయినా. బాత్రూమ్ కడిగే యాసిడ్ చుక్క పడినా మచ్చే. గ్రానైట్‌కీ, ఫ్యాక్టరీలో బాగా కాల్చి గట్టిపరిచే విట్రిఫైడ్ టైల్‌కీ ఈ బాధ లేదు.

మర్నాడు బనగానపల్లె మీదుగా బెలుం గుహలకి వెళ్లినప్పుడు అదే సంగతి పెద్ద ఎత్తున కనిపించింది. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ని కలుపుకున్న వాన నీరు కొద్దిగా ఆమ్లమై, లక్షల ఏళ్లపాటు సున్నపురాయిని కరిగించుకుంటూ పోతేనే ఆ గుహలు ఏర్పడ్డాయి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర చూడనిస్తారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1982, 83లలో జర్మన్ బృందం లోపలికి వెళ్లి కొలిచింది. లోపల ఉక్క విపరీతం, గుహలో అన్నిటికంటే లోతైన చోటు, పాతాళగంగ దాకా దిగాలంటే మోకాళ్లు గట్టిగా ఉండాలి. అత్తయ్య పైనే కూర్చుంది. చెమట పట్టినా మిస్ కావద్దు, పిల్లలకైతే తప్పకుండా చూపించాలి.

బస నంద్యాలలో ఒక లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది, ఏసీ పనిచేసింది, కానీ బాత్రూమ్‌లో కూడా హాలుకి వేసే నిగనిగలాడే టైల్ వేశారు. నీళ్లు పడగానే సబ్బు ముక్క మీద నిలబడ్డట్టే. అత్తయ్య స్నానానికి వెళ్లిన ప్రతిసారీ నాకు టెన్షన్. రిసెప్షన్‌లో చెప్తే రబ్బరు చాప ఇచ్చారు, అదీ జారేదే. పెద్దవాళ్లతో వెళ్తున్నారంటే గది తీసుకునే ముందు బాత్రూమ్ నేల కాలితో తడిమి చూడండి.

తమిళనాడులో చేత్తో సిమెంటు టైల్స్ పోసే ఆత్తంగుడికి మాత్రం మేమిద్దరమే వెళ్లాం. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై, అక్కడ మధ్యాహ్నం పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి కారైకుడి. అక్కడి నుంచి ఊరికి ఆటో. తమిళం రాకపోయినా ఇబ్బంది లేదు, టైల్ కొనడానికి వచ్చేవాళ్లు వాళ్లకి అలవాటే.

అక్కడ టైల్ పోయడం చూస్తే కదలబుద్ధి కాదు. ఇనుప చట్రంలో కింద గాజు పలక, దాని మీద డిజైన్ అచ్చు. అచ్చు గళ్లలోకి రంగు కలిపిన సిమెంటుని చిన్న గరిటెతో పోస్తారు, ఎరుపు ఒక గడిలో, పసుపు ఇంకో గడిలో, చుక్క కూడా పక్కకి పోదు. అచ్చు మెల్లగా పైకి తీస్తారు, పైన పొడి సిమెంటూ ఇసకా చల్లి, తర్వాత తడి మాలు వేసి చదును చేస్తారు. ఆరాక తొట్టిలో నీళ్లలో నానబెడతారు. కాల్చడమనేదే లేదు. గాజు విడిపోయాక టైల్‌కి వచ్చే ఆ మెరుపు గాజు పలక వల్లే. కొబ్బరినూనె పూసి తుడుస్తూ ఉంటే ఏళ్లు గడిచే కొద్దీ ఇంకా నిగ్గు తేలుతుంది.

ఆ దగ్గర్లోని కానాడుకాత్తాన్‌లో, హోటల్‌గా మార్చిన చెట్టియార్ వ్యాపారుల పాత భవంతిలో ఒక రాత్రి ఉన్నాం. ఖర్చు ఎక్కువే, భోజనం విడిగా. నాకైతే డబ్బు దండగ అనిపించలేదు, ఎందుకంటే ఆ టైల్స్ మీద ఉత్తకాళ్లతో తెల్లారిందాకా తిరగొచ్చు. మే ఎండలో కూడా పాదాలకి చల్లగా తగిలాయి. రంగులు వెలవెలబోలేదు, అంచులు మాత్రం అక్కడక్కడా విరిగాయి. పెద్ద చిక్కు అదే: ఇది సిమెంటు టైల్, రవాణాలో మూలలు ఎగిరిపోతాయి. జాయింటు కనపడకుండా ఆనించి పరచాలి, అది చేతకాని మేస్త్రికి ఇస్తే డబ్బూ టైలూ రెండూ పోతాయి. నిమ్మరసం పడితే దీనికీ మచ్చే.

అపార్ట్‌మెంట్ వాళ్లకి విట్రిఫైడ్ మేలు. రాయి వేయాలంటే కింద మాలుతో కలిపి రెండు మూడు అంగుళాల ఎత్తు పోతుంది, తలుపులు కోయించాలి, బరువు కూడా. టైల్ మందం సుమారు సెంటీమీటరే, నీరు పీల్చడం అర శాతం లోపే, మరక పట్టదు, పాలిష్ గొడవ లేదు. జనం బాగా నడిచే హాలుకి డబుల్ ఛార్జ్ అనే రకం విట్రిఫైడ్ తీసుకోండి, దానికి పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర రంగు ఉంటుంది. ప్రింట్ వేసిన గ్లేజ్డ్ రకం చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, రోకలి పడి పెచ్చు లేచిందా, లోపలి మట్టిరంగు బయటపడుతుంది.

మేము హాలుకి తాండూరు నీలమే తీసుకున్నాం, ఆ ముసలాయన దగ్గరే. అద్దంలా మెరిసే పాలిష్ వద్దన్నాం, కాలికి జారని చోట ఆపించాం. వంటింట్లో నిమ్మకాయ, చింతపండు తప్పవు కాబట్టి అక్కడ విట్రిఫైడ్. ముందు వరండాకి ఆత్తంగుడి, అది నా పట్టు. 300 చదరపు అడుగుల హాలుకి 330 అడుగుల బండలు తెప్పించాం. తర్వాత కావాలంటే అదే రంగు దొరకదు, కాబట్టి పది శాతం ఎక్కువ పెట్టుకోండి. పరిచాక మిషన్ పాలిష్ పెట్టిస్తే గోడల మీదికంతా బురద చిమ్ముతుంది, అందుకే ఆఖరి కోటు పెయింట్ దాని తర్వాతే వేయించండి. లారీలో బండల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో గడ్డి దూర్చి పేర్చారో లేదో లోడింగ్ అప్పుడు మీరే దగ్గరుండి చూసుకోండి, దించేటప్పుడు విరిగాయంటే ఎవరూ బాధ్యత తీసుకోరు.