గీషా వీధులు బతకాలంటే ఏది మేలు: క్యోటో పద్ధతా, నీగాతా పద్ధతా, టికెట్ ఆటా?

రాజధాని టోక్యోకు తరలిపోయి క్యోటో వెలవెలబోతున్న రోజుల్లో, 1872లో, గియోన్ కోబు పేట గీషాలు (విందుల్లో పాట, నాట్యం, మాటలతో అలరించే జపాన్ కళాకారిణులు) బృందంగా వేదికెక్కి ‘మియాకో ఓదోరి’ ఆడారు. ఆ వసంత నృత్యం ఇప్పటికీ జరుగుతోంది. అంటే కళను మళ్లీ నిలబెట్టుకోవడం ఈ పేటలకు కొత్త పనేం కాదు. ఇప్పటి చిక్కు వేరు: నేర్చుకోవడానికి ఎవరొస్తారు, నేర్చుకునేన్నాళ్లూ వాళ్లను ఎవరు పోషిస్తారు?

క్యోటోలో పదిహేనేళ్లకే, మిడిల్ స్కూలు అయిపోగానే, పిల్ల ‘ఓకియా’ అనే ఇంట్లో చేరుతుంది. తిండి, కిమోనోలు, పాఠాలు అన్నీ ఆ ఇంటి ఖర్చే. శిష్యురాలిని ‘మైకో’ అంటారు. ఆమెకు జీతం ఉండదు, చేతిఖర్చు మాత్రం ఇస్తారు. ఐదారేళ్లకు ‘గైకో’, అంటే పూర్తిస్థాయి గీషా అయి, తర్వాత సొంతంగా నిలదొక్కుకోవాలి. తెలిసినవాళ్లు తీసుకొస్తే తప్ప కొత్త అతిథికి తలుపు తీయకపోవడం అక్కడి ఆనవాయితీ. పనితనంలో మాత్రం క్యోటోకు సాటి లేదు. గియోన్ కోబులో నేర్పేది ఇనోఉయె నాట్య సంప్రదాయం ఒక్కటే, నడుము కిందికి దించి ఆడే ఆ తీరు ఇంకో పేటలో కనబడదు. అయితే మైనరు పిల్లలను మందు విందుల్లో కూర్చోబెడుతున్నారని 2022లో ఒక మాజీ మైకో బయటపెట్టాక, ఈ పద్ధతిని కళ్లు మూసుకుని మెచ్చుకోవడం కష్టం. పైగా తరతరాల పోషకులు లేని ఊరికి ఇది అసలే కుదరదు.

రేవు పట్నమైన నీగాతాలో, ఫురుమాచి పేట గీషాలు తగ్గిపోతుంటే, 1987లో స్థానిక వ్యాపారులు పెట్టుబడి పెట్టి ఏకంగా ఒక కంపెనీ తెరిచారు. పేరు ర్యూతో షింకో. అందులో చేరిన అమ్మాయిలు ఉద్యోగులు. నెల జీతం వస్తుంది, శిక్షణ ఖర్చు కంపెనీ చూసుకుంటుంది. గీషాకు జీతమేమిటని ముఖం చిట్లించేవాళ్లుంటారు. ఉద్యోగమంటే ఇంట్లో ఒప్పించడం తేలికని నేనంటాను.

ఇక వేడినీటి బుగ్గల ఊరు అతామి. అక్కడ వారాంతాల్లో టికెట్ కొనుక్కుని ఎవరైనా గీషా నాట్యం చూడొచ్చు. సిఫారసు అక్కర్లేదు, ఖర్చూ తక్కువే. కానీ అరగంట నాట్యం చూసి లేచొచ్చేవాడికి విందు గదిలోని మాటకారితనం, ‘కొంపిరా ఫునె ఫునె’ పాటకు తాళం తప్పకుండా ఆడే చేతి ఆట దక్కేదెక్కడ?

నన్నడిగితే మూడింటినీ నాట్యగత్తెతో కాదు, పక్కన కూర్చుని షామిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయిస్తూ పాడే ‘జికాతా’తో తూచాలి. నాట్యానికి అమ్మాయిలు ముందుకొస్తారు, ఫొటోల్లో పడేదీ వాళ్లే. వాద్యానికి ఏళ్ల సాధన కావాలి, చూపులేమో అటు పోవు. జికాతా లేని చోట రికార్డు పెట్టి ఆడించాల్సిందే. క్యోటోలో గైకోకు రిటైర్మెంటు లేదు కాబట్టి వయసు మీదపడినా వాయించేవాళ్లున్నారు. నీగాతాలోనూ కంపెనీ అమ్మాయిల పక్కన వాయించేది స్వతంత్రంగా పనిచేస్తున్న పెద్ద గీషాలే. వాళ్ల తరం దాటితే జీతాలొక్కటే సరిపోవు.

అందుకే చిన్న ఊరికి నా ఓటు నీగాతాకే, ఒక షరతు మీద: మొదటి జీతం నాట్యం నేర్చే పిల్లకు ఇస్తే, రెండోది షామిసెన్ పట్టే పిల్లకు ఇవ్వాలి. టికెట్ డబ్బు ఆ రెండో జీతానికి పనికొస్తుంది.