780 కిలోమీటర్లు తిరిగిన ట్రెయిల్ షూస్, రెండు కొండ రేసులు, ఒక ఊడిన గోరు

కొండదారుల్లో, మట్టిబాటల్లో పరిగెత్తడానికి చేసిన ఈ షూస్ కొన్నది 2023 జులైలో. నా డైరీ లెక్క ప్రకారం ఇప్పటికి 780 కిలోమీటర్లు తిరిగాయి. సగానికి పైగా విశాఖ చుట్టుపక్కల కొండల మీద, వంద కిలోమీటర్లు చిక్కమగళూరు కాఫీ తోటల్లో పరిగెత్తిన 50 కిలోమీటర్ల ట్రెయిల్ రేసులో (వరసగా రెండేళ్లు వెళ్లాను), మిగతాది బీచ్ రోడ్డు మీద. తారు రోడ్డు మీద వీటిని వాడకూడదు. వాడాను. దాని ఫలితం కూడా చెప్తాను.

కంపెనీ పేరు రాయడం లేదు, తిట్టేది కొంత ఉంది కాబట్టి. కొనేవాళ్లకి కొలతలు తెలిస్తే చాలు. సోల్ కింద పట్టు కోసం ఉండే రబ్బరు పళ్లు 5 మిల్లీమీటర్లు. డ్రాప్, అంటే మడమ కింద మందానికీ వేళ్ల కింద మందానికీ ఉన్న తేడా, 8 మిల్లీమీటర్లు. పాదం ముందు భాగం కింద రాళ్లు గుచ్చుకోకుండా పల్చటి ప్లాస్టిక్ పలక ఉంది. ధర తొమ్మిదిన్నర వేలు. ఇంట్లో మాత్రం నాలుగు వేలని చెప్పాను.

నాది 8 సైజు, కొన్నది 9. షాపులో కుర్రాడు "వదులైపోతాయి సార్" అన్నాడు. గంటల తరబడి పరిగెత్తితే పాదం ఉబ్బుతుంది, దిగుడులో పాదం ముందుకి జారి వేళ్లు షూ ముక్కుకి కొట్టుకుంటాయి. అందుకే బొటనవేలి ముందు ఒక వేలు మందం ఖాళీ ఉండాలి. నాకు ఆ ఖాళీ ఉంది, అయినా గోరు పోయింది. తప్పు షూది కాదు. చీలమండ దగ్గర అన్నిటికన్నా పైన ఇంకో చిన్న కన్నం ఉంటుంది, ఎందుకో చాలామందికి తెలియదు. లేసుని అటూ ఇటూ ఆ కన్నాల్లోంచి చిన్న ఉచ్చులా పోనిచ్చి, ఎదుటి లేసుని అందులోంచి లాగి కడితే మడమ వెనక్కి బిగుసుకుంటుంది, పాదం ముందుకి జారదు. మొదటి రేసులో ఆ కన్నం నా కంటికి ఆనలేదు.

ఆ రేసుకి నేను తయారైన పద్ధతి వింటే నవ్వుతారు. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున కైలాసగిరి ఎక్కేవాణ్ణి. మా బావ స్కూటరు మీద వెనకాలే వచ్చి, పైన టీ తాగి, నన్ను ఎక్కించుకుని కిందకి దింపేవాడు. దిగుతూ పరిగెత్తితే మోకాళ్లు పోతాయని నా నమ్మకం. "ఏం బావా, ఎక్కినోడివి దిగలేవా?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. నాలుగు నెలలు ఇదే తంతు. ఊపిరి బాగా కుదిరింది, పిక్కలు గట్టిపడ్డాయి, ఇంక భయం లేదనుకున్నాను.

నవంబరులో చిక్కమగళూరు కొండల్లో పొద్దున చలి ఉంటుంది. చీకట్లో తలకి లైట్లు కట్టుకుని బయల్దేరాం. రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు, కొమ్మలకి ఎర్రబడుతున్న పళ్లు. యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి ఇక్కడ నాటాడని చెప్పే సూఫీ సాధువు బాబాబుడన్ కథ ఈ కొండలదే. కథ సంగతెలా ఉన్నా, ముందు రాత్రి వాన పడి దారంతా ఎర్రమట్టి బురద. షూస్ అసలు విలువ తెలిసింది అక్కడే. రోడ్డు షూస్ వేసుకొచ్చినవాళ్లు కాఫీ కొమ్మలు పట్టుకుని దిగుతుంటే నేను నిలబడే దిగాను. పళ్ల మధ్య దూరం ఎక్కువ కాబట్టి బురద ఇరుక్కోకుండా నాలుగడుగులకే రాలిపోతోంది. కానీ పాచి పట్టిన రాయి మీద పట్టు సున్నా. వాగు దాటుతూ ఒకసారి వెల్లకిలా పడ్డాను, మోచేయి గీరుకుపోయింది. ఏ సోల్ అయినా పాచి మీద జారుతుందని తోటి రన్నర్లు ఓదార్చారు.

జలగల గురించి కూడా చెప్పాలి. షూ జాలీలోంచి అవి దూరలేదు, సాక్సు పైనుంచి వచ్చాయి. జలగ వదిలేశాక కూడా రక్తం చాలాసేపు కారుతూనే ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి. తెల్ల సాక్సు ఎర్రగా మారేసరికి కంగారుపడ్డాను గానీ నొప్పేమీ లేదు. మరుసటి ఏడు చీలమండకి చుట్టే గుడ్డ తొడుగులు కొన్నాను. జలగలూ ఆగాయి, షూలో రాళ్లు పడటమూ ఆగింది. ఐదారువందల రూపాయల ఆ వస్తువు మొదటి ఏడే కొనాల్సింది.

32వ కిలోమీటరు దగ్గర అమ్మ గుర్తొచ్చింది. సింహాచలం గిరి ప్రదక్షిణ సరిగ్గా అంత దూరమే. అరవై దాటినా ఏటా ఆషాఢంలో తొలిపావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి చెప్పుల్లేకుండా నడిచొచ్చి, మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తుంది. నేను మాత్రం ఆ తర్వాతి దిగుడులోనే కూలబడ్డాను. ఏడు కిలోమీటర్లు కిందకే. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువుని ఆపుతూ, సాగుతూ పని చేస్తుంది. అలవాటు లేని కండరంలో పోగులు చిట్లేది ఆ సాగుడులోనే. బావ స్కూటరు మీద దిగిన నాలుగు నెలల బాకీని ఆ ఏడు కిలోమీటర్లు వడ్డీతో సహా వసూలు చేశాయి. చివరికి కొండ కనిపిస్తే సంతోషం, పల్లం కనిపిస్తే ఏడుపు. 9 గంటల 12 నిమిషాలకి గీత దాటాను.

తిరుగు ప్రయాణం బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో, పై బెర్త్. కింది బెర్త్ పెద్దావిడని నా బెర్త్‌లోకి మారమని ఏ మొహంతో అడుగుతాను? ఎదురుగా ఉన్న ఇద్దరు కుర్రాళ్లు నన్ను గోనెసంచిలా పైకి తోశారు. రాత్రి బాత్రూమ్‌కి దిగకూడదని నీళ్లు తక్కువ తాగాను. అది ఇంకో తప్పు. అలాంటి దెబ్బ తిన్నాక ఒంటికి నీళ్లు బాగా కావాలి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి, చితికిన కండరం నుంచి వచ్చే పదార్థం కిడ్నీలని దెబ్బ తీస్తుంది. నాకు అంత దూరం రాలేదు. నొప్పి మాత్ర వేసుకుందామనుకున్నాను గానీ, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి మంచివి కావని డాక్టరు చదివిన మా పిన్ని కూతురు ఫోన్‌లో గట్టిగా చెప్పింది.

నొప్పి రెండో రోజుకి శిఖరానికి చేరింది. మేడ మెట్లు వెనక్కి తిరిగి దిగాను. నాలుగో రోజుకి మామూలుగా నడిచాను. ఆ నాలుగు రోజుల్లో వాడినవాటిలో ఫోమ్ రోలర్ (కండరం కింద పెట్టి దొర్లించే గుండ్రటి దిమ్మె) వల్ల అప్పటికప్పుడు హాయిగా ఉంది, గంటకి మళ్లీ మామూలే. బిగుతు సాక్సు రైల్లో కాళ్లు ఉబ్బకుండా పనికొచ్చాయి, అంతకు మించి తేడా కనిపించలేదు. అన్నిటికన్నా బాగా పనిచేసింది నిద్ర. రోజుకి తొమ్మిది గంటలు పడుకున్నాను, గుడ్లూ పప్పూ పెరుగన్నం కడుపు నిండా తిన్నాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. నొప్పి పోయింది కదా అని తొమ్మిదో రోజే పది కిలోమీటర్లు పరిగెత్తాను. మోకాలి బయటి వైపు సూదులు గుచ్చినట్టు నొప్పి. ఐదు వారాలు ఇంట్లోనే. నొప్పి తగ్గినంత మాత్రాన కండరం కోలుకున్నట్టు కాదని ఫిజియోథెరపిస్టు చెప్పారు. ఒక మెట్టు మీద నిలబడి, ఒక కాలిని మూడు లెక్కలు పెడుతూ నెమ్మదిగా కిందకి దించడం, గుంజీలు కూడా అలాగే నెమ్మదిగా దిగి మామూలుగా లేవడం, ఇవి నేర్పారు. చిన్నప్పుడు బడిలో తీసినన్ని గుంజీలు తీశాను. ఈలోపు నల్లబడ్డ బొటనవేలి గోరు నెలన్నరకి ఊడింది. కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది పట్టింది.

రెండో ఏడు పద్ధతి తిరగేశాను. బావ స్కూటరు మీద కైలాసగిరి పైకి ఎక్కి, పరిగెత్తుతూ కిందకి దిగేవాణ్ణి. మొదట వారానికి ఒక్కసారే, చిన్న చిన్న అడుగులతో. మొదటి రోజు తొడలు పట్టేశాయి, మూడో వారానికి ఏమీ లేదు. ఆ దెబ్బ ఒకసారి తిన్న కండరం మళ్లీ వెంటనే అంతగా దెబ్బతినదు, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. 2024 నవంబరులో అదే దారి, అవే షూస్, 8 గంటల 31 నిమిషాలు. టైము కన్నా నాకు ముచ్చటేసింది ఏంటంటే, మర్నాడు పై బెర్త్‌కి నేనే ఎక్కాను.

ఇప్పుడు షూ మీద ఫిర్యాదులు. మడమ లోపలి గుడ్డ 300 కిలోమీటర్లకే చిరిగి, అక్కడ బొబ్బలు వచ్చాయి. 500 దాటాక కుడి షూ ముక్కు దగ్గర జిగురు వదిలి నోరు తెరుచుకుంది. కంపెనీకి ఫొటోలు పంపితే వారంటీ ఆరు నెలలే అన్నారు. పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన ఎనభై రూపాయలకి దారం వేసి కుట్టాడు, ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు. వాగులో తడిస్తే నీరు త్వరగా పోదు, రెండు కిలోమీటర్ల దాకా చప్పుడు చేస్తూనే ఉంటుంది. పళ్లు ఇప్పుడు రెండు మిల్లీమీటర్లే మిగిలాయి, ఆ అరుగుదలలో సగం పాపం బీచ్ రోడ్డు తారుదే.

పాదం వెడల్పుగా ఉన్నవాళ్లు వీటి జోలికి వెళ్లొద్దు, ముందు భాగం ఇరుకు. బురద, మట్టి, రాళ్లు కలిసిన మన తూర్పు కనుమల దారులకి మాత్రం సరిగ్గా సరిపోతాయి. మొన్న అదే మోడల్ కొత్త జత కొన్నాను, డిస్కౌంటులో ఏడొందలు తగ్గింది. లేసులు మాత్రం పాతవే తీసి వేశాను, కొత్తవి ఆ పై కన్నం దాకా అందడం లేదు.